తెల్లని ఎముకలు చెప్పిన సంగతి

పదవీ విరమణ చేసిన మనవంటి వారికి తుంటి ఎముక విరగడమంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. జారిపడ్డ మరునాటి నుంచి ఇంట్లో ఆపరేషను, మంచం, చేతికర్ర ఈ మాటలే. అయితే ఎముక బలాన్ని గురించి వైద్యశాస్త్రం ఆలస్యంగా నేర్చుకొన్న ఒక పాఠం మన జిల్లా బావుల దగ్గర ఏనాడో కనబడిందన్న విషయం చాలామంది సభ్యులకు తెలిసి వుండదు.

ఆనాటి నెల్లూరు జిల్లా చాలా పెద్దది. సముద్రపు ఒడ్డున కృష్ణపట్నం, వాయవ్యాన మెట్ట తాలూకాలైన పొదిలి, దర్శి, కనిగిరి, అన్నీ ఒకే కలెక్టరు కింద వుండేవి. (1970లో ఆ మూడూ ఒంగోలు జిల్లాలోకి వెళ్ళాయి.) కృష్ణపట్నం వైపు నీటి బాధ ఉప్పు. నోట పోసుకోగానే తెలిసిపోతుంది. మెట్టలో రాతిపొరల నుంచి బావుల్లోకి వూరే ఫ్లోరైడు నాలుకకు తెలియదు.

అక్కడి పిల్లల పళ్ళకు గోధుమరంగు గారలు. నడివయసుకే మెడ, నడుము కొయ్యబారి, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగవలసి వచ్చేది. కొందరికి కాళ్ళు పడిపోయేవి. కాళ్ళు బిగిసి నడవలేని ఎద్దులను చూసి రైతులే ముందు అనుమానపడ్డారని కూడా చెబుతారు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు షార్ట్, ఆయనతో పండిట్, రాఘవాచారి ఈ జబ్బుకు మూలం నీటిలోని ఫ్లోరైడేనని ప్రకటించారు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌పై వచ్చిన తొలి నివేదికలలో ఇవి ముఖ్యమైనవి. (షార్ట్ పేరు లోకానికి 1948 నాటి మలేరియా పరిశోధనతోనే గుర్తు. పండిట్ తరువాత భారత వైద్య పరిశోధనా మండలికి తొలి డైరెక్టరయ్యారు.) అదే ఏడు మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బార్నర్డ్ కూడా షార్ట్‌తో కలిసి మరో వ్యాసం ప్రచురించారు. ఈ రోగుల ఎక్స్‌రేలలో ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా కనబడతాయి. ఎముక మందం పెరుగుతుంది, పూసలను కట్టివుంచే తంతువులు కూడా సున్నపు ముద్దలవుతాయి. ఖనిజానికి కొదవ లేదు. మనిషి మాత్రం వంగిపోతాడు.

ఈ సంగతి పక్కన పెట్టి, ఫ్లోరైడుకు ఎముకను పెంచే గుణం వుంది గనుక అదే మందు కాకూడదా అని పాశ్చాత్య వైద్యులు ఆలోచించారు. 1960ల నుంచి ఎముకలు గుల్లబారిన వృద్ధ స్త్రీలకు సోడియం ఫ్లోరైడు ఇవ్వసాగారు. అమెరికాలో మేయో క్లినిక్‌కు చెందిన రిగ్స్ బృందం 202 మంది స్త్రీలను నాలుగేళ్ళు గమనించి 1990లో ఫలితం ప్రకటించింది. మందు తీసుకొన్నవారిలో వెన్నెముక సాంద్రత 35 శాతం, తుంటి దగ్గర తొడ ఎముక మెడలో 12 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. మిగతా ఎముకల్లో విరుగుళ్ళు, చిట్లడాలు కలిపి మందు తీసుకోనివారిలో 24 అయితే, తీసుకొన్నవారిలో 72! పేర్చిన ఇటుకలు ఎక్కువైనా కట్టుబడి సరిగా లేని గోడ వంటిదన్నమాట ఆ ఎముక.

ఇంతకు ముందే, 1973లో, హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి నల్గొండ ప్రాంతపు యువకుల మోకాళ్ళ వంకరలను లాన్సెట్ పత్రికలో వివరించారు. ఫ్లోరైడు నీరు తాగిన ఆ కుర్రవాళ్ళకు వెన్ను గట్టిపడగా, కాళ్ళ ఎముకలు గుల్లబారాయి! తిండిలో కాల్షియం తక్కువైన పేదల మీద ఈ విషం దెబ్బ మరీ ఎక్కువ. పటిక, సున్నంతో నీరు శుద్ధిచేసే పద్ధతికి నల్గొండ పేరే నిలిచింది.

తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాను ఖనిజాన్ని కొలుస్తుందే గాని కట్టుబడిని కాదు. కనుక మెట్ట ప్రాంతంలో పుట్టి పెరిగి, ఉద్యోగరీత్యా కృష్ణపట్నం, ముత్తుకూరు వైపు స్థిరపడిన సభ్యులు స్కాను రిపోర్టులో అంకె బాగుందని సంబరపడే ముందు, చిన్ననాడు ఏ వూరి బావినీరు తాగారో డాక్టరుగారికి తప్పక చెప్పవలసిందిగా మనవి.