స్కాలర్‌షిప్ ఇవ్వరు, సీటు ఇస్తారు

(‘ప్రతిభ’ అనే మాట చరిత్ర – 9వ భాగం)

ఈ భాగం కాస్త పెద్దది. తీరిక చేసుకుని చదవండి.

పోయిన వారం డిగ్రీ రెండో సంవత్సరం క్లాసు అయిపోయాక ఒక అబ్బాయి స్టాఫ్ రూమ్ దాకా వచ్చాడు. “సార్, అమెరికాలో కోటాలు గీటాలు ఉండవు కదా, అంతా మెరిటే కదా?” అన్నాడు. మన పిల్లాడే. హాస్టల్లో ఎవరో అన్న మాట మనసులో ముల్లులా దిగబడి, దాన్ని తీయించుకోవడానికి వచ్చాడు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఐస్ హాకీతో మొదలుపెడతాను. నవ్వకండి, చివరిదాకా రండి.

ఐస్ హాకీ అంటే గడ్డకట్టిన నీటి మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకుని, వంపు కర్రతో రబ్బరు బిళ్లను గోల్‌లోకి కొట్టే ఆట. అమెరికాలో దీన్ని పెద్ద యూనివర్సిటీలతో పాటు రెండు వేల మంది కూడా చదవని చిన్న ప్రైవేటు కాలేజీలూ ఆడతాయి. కాలేజీ ఆటలను నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ. దాని కింద మూడు డివిజన్లున్నాయి. చిన్న కాలేజీల్లో ఎక్కువ భాగం మూడో డివిజన్‌లో ఉంటాయి. ఆ డివిజన్‌కు పేరు తెచ్చిన నియమం ఒకటుంది: ఆట బాగా ఆడతాడని ఎవరికీ ఒక్క డాలరు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు.

వినడానికి ఎంత బాగుంది! ముందు చదువు, తర్వాతే ఆట. అందరికీ ఒకే కొలత. ఈ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

1929లో కార్నెగీ ఫౌండేషన్ అమెరికా కాలేజీ ఆటల మీద ఒక పెద్ద నివేదిక వేసింది. పరిశోధకులు కాలేజీ కాలేజీ తిరిగి చూస్తే, ఎక్కువ చోట్ల ఆటగాళ్లను వెతికి పట్టుకురావడం, ఏదో ఒక రూపంలో డబ్బు ముట్టజెప్పడం మామూలైపోయిందని తేలింది. 1948లో ఎన్‌సీఏఏ ‘శానిటీ కోడ్’ తెచ్చింది. ఆటగాడికి సాయం చేయాలంటే అతని ఇంటి అవసరం చూసి చేయాలి, అదీ ఫీజు వరకే. రెండేళ్లకే ఏడు కాలేజీలు దాన్ని పాటించడం లేదని దొరికిపోయాయి. 1950లో వాటిని వెలివేయాలని ఓటింగ్ పెడితే కావలసిన మూడింట రెండొంతులు రాలేదు. మరుసటి ఏడు కోడ్ పోయింది. 1956కల్లా ఇంటి అవసరంతో గానీ మార్కులతో గానీ పని లేకుండా ఆట కోసమే పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చని ఎన్‌సీఏఏ తలుపులు తెరిచింది.

ఆ దారి మాకొద్దు అన్నవాళ్లూ ఉన్నారు. 1954లో హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది యూనివర్సిటీలు, ‘ఐవీ లీగ్’ అని పిలిచేవి, అన్ని ఆటలకూ వర్తించే ఒప్పందం చేసుకున్నాయి. అందులో ఆట స్కాలర్‌షిప్పులు లేవు. 1971లో మిడిల్‌బరీ, విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్, బౌడిన్ లాంటి న్యూ ఇంగ్లండ్ చిన్న కాలేజీలు ‘నెస్కాక్’ అనే కూటమి కట్టి అదే దారి పట్టాయి. 1973లో ఎన్‌సీఏఏ మూడు డివిజన్లుగా విడిపోయినప్పుడు ఈ సూత్రమే మూడో డివిజన్‌కు మూలస్తంభమైంది. 1984లో ఆ డివిజన్‌కు విడిగా మగవాళ్ల ఐస్ హాకీ ఛాంపియన్‌షిప్ మొదలైంది. మొదటి కప్పు బాబ్సన్ కాలేజీది. 1995 నుంచి 1999 దాకా వరసగా ఐదేళ్లు మిడిల్‌బరీదే.

ఇక్కడ ఆగి ఆలోచించండి. స్కాలర్‌షిప్ లేని చోట ఐదేళ్లు వరసగా గెలిచే జట్టు ఎలా తయారవుతుంది? అడ్మిషన్లు తీసుకున్న పిల్లల్లో స్కేటింగ్ వచ్చినవాళ్లు అనుకోకుండా తగులుతారా? తగలరు. కోచ్ వెళ్లి తెచ్చుకుంటాడు.

ఆ తెచ్చుకోవడం ఇలా ఉంటుంది. కోచ్‌లు ఏడాదంతా బోర్డింగ్ స్కూళ్ల మ్యాచ్‌లు, జూనియర్ లీగుల మ్యాచ్‌లు తిరిగి చూస్తారు. నచ్చిన ఆటగాడి మార్కులు, టెస్ట్ స్కోర్లు తెప్పించి, ఆఖరి సంవత్సరం స్కూలు మొదలవక ముందే అడ్మిషన్ ఆఫీసు చేతిలో పెడతారు. దీన్ని ‘ప్రీ-రీడ్’ అంటారు. ఆఫీసు చదివి, దరఖాస్తు పెట్టిస్తే అవకాశం ఎంతో చెబుతుంది. నెస్కాక్ లాంటి చోట్ల ఒక్కో కోచ్‌కూ ఇన్ని పేర్లని లెక్క ఉంటుంది. ఆ లెక్కలో పడ్డవాడికి, అవే మార్కులున్న పక్క విద్యార్థికి లేని ఊతం దొరుకుతుంది.

తర్వాత కోచ్ “ఎర్లీ డెసిషన్‌లో పెట్టు” అంటాడు. అంటే ఒక్క కాలేజీకే ముందుగా దరఖాస్తు పెట్టి, సీటొస్తే అక్కడే చేరతానని మాట ఇవ్వడం. నాలుగు కాలేజీలు ఎంతెంత సాయం చేస్తాయో పక్కపక్కన పెట్టి చూసుకోవాల్సిన ఇంటి పిల్లవాడు ఆ మాట ఇవ్వాలంటే భయపడతాడు. ఫీజు చూసి ఉలిక్కిపడని ఇంటివాడు ధైర్యంగా ఇస్తాడు.

మరి డబ్బు సాయం సంగతి? నియమం గట్టిదే. సాయం లెక్కగట్టేటప్పుడు ఆట ఊసు రాకూడదు. ఆటగాళ్లకు అందే సాయం మామూలు విద్యార్థులకు అందే తీరులోనే ఉందా అని ఎన్‌సీఏఏ లెక్కలు అడుగుతుంది. కానీ సాయంలో రెండు రకాలున్నాయి. ఒకటి ఇంటి ఆదాయం చూసి ఇచ్చేది. మన ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇన్‌కమ్ సర్టిఫికెట్ పట్టుకెళ్లినట్టు అక్కడ తల్లిదండ్రుల ఆదాయం, ఆస్తి కాగితాలు ఇవ్వాలి. నిధులు దండిగా ఉన్న విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్ లాంటివి ఈ సాయం బాగా చేస్తాయి. రెండోది ‘మెరిట్ ఎయిడ్’. మార్కులకో, నాయకత్వ లక్షణాలకో ఫీజులో తగ్గింపు. నిధులు తక్కువై, సీట్లు నిండక అవస్థపడే కాలేజీలు దీన్నే నమ్ముకుంటాయి. ఎన్ని మార్కులకు ఎంత తగ్గుతుందో కోచ్‌కు తెలుసు. మార్కులు పెంచుకో అని ముందే చెప్పగలడు. నియమం ఎక్కడా తప్పలేదు. ఆ మాట ముందే చెప్పడానికి కోచ్ ఉన్నవాడు, లేనివాడు అనే తేడా మాత్రం మిగిలింది.

మిషిగన్ రాష్ట్రంలోని ఏడ్రియన్ కాలేజీ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 2005లో జెఫ్రీ డాకింగ్ అధ్యక్షుడయ్యేనాటికి విద్యార్థులు వెయ్యి మంది కూడా లేరు. ఆయన కొత్త జట్లు పెట్టాడు, 2007లో ఐస్ రింకు కట్టించాడు, ఒక్కో కోచ్‌కూ ఇంతమందిని తేవాలని లక్ష్యం పెట్టాడు. కొన్నేళ్లలో విద్యార్థుల సంఖ్య దాదాపు రెట్టింపైంది. 2022లో ఆ కాలేజీ హాకీ ఛాంపియన్ కూడా అయింది. ఇక్కడ ఆటగాడికి కాలేజీ డబ్బివ్వడం కాదు, ఆటగాడి ఫీజుతో కాలేజీ బతుకుతోంది.

‘స్కాలర్‌షిప్ లేదు’ అన్నంత మాత్రాన జట్టు బలహీనమేమీ కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీ మిగతా ఆటల్లో మూడో డివిజన్, హాకీ మాత్రం మొదటి డివిజన్‌లో ఆడుతుంది. ఆట స్కాలర్‌షిప్ ఒక్కటీ ఇవ్వకుండానే 2014 ఫైనల్లో మిన్నెసోటా యూనివర్సిటీని 7–4తో ఓడించి మొదటి డివిజన్ కప్పు గెలిచింది. అలాగే పైడివిజన్‌లో ఆడుతున్న క్లార్క్‌సన్, సెయింట్ లారెన్స్ లాంటి వాటికి పాత అలవాటు ప్రకారం స్కాలర్‌షిప్పులు ఇచ్చుకోవచ్చని 2004లో మినహాయింపు కొనసాగించారు. యూనియన్‌కు ఆ వీలు 2022లో గానీ రాలేదు. సూత్రం గట్టిదన్నారు. కావాల్సిన చోట వంగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కోచ్ కంట పడటానికి రింకు దాకా ఎవరు రాగలరు? స్కేట్లు, హెల్మెట్, ప్యాడ్లు, కర్రలు. పిల్లాడు ఎదిగినప్పుడల్లా మళ్లీ కొత్తవి. రింకుకు గంటల లెక్కన అద్దె. పట్టణం నుంచి పట్టణానికి ప్రయాణాలు. స్కూలు అయ్యాక కూడా చాలామంది ఒకటి రెండేళ్లు జూనియర్ హాకీ ఆడి, ఇరవై ఇరవయ్యొక్క ఏళ్లకు కాలేజీలో మొదటి సంవత్సరం చేరతారు. ఆ జూనియర్ జట్లలో కొన్ని ఉచితం. కొన్నింట్లో ఎదురు డబ్బు కట్టి ఆడాలి. చదువు ఆపి, జీతం లేకుండా ఆడుకోవడానికి రెండేళ్లు ఇవ్వగల ఇళ్లు ఎన్ని ఉంటాయి?

నల్లవాళ్లకు హాకీ రాదని, చలి పడదని ఒక మాట చాలాకాలం తిరిగింది. చరిత్ర వేరే చెబుతుంది. 1895లోనే కెనడా హాలిఫాక్స్‌లో నల్లజాతి బాప్టిస్టు చర్చిల పెద్దలు తమ కుర్రాళ్ల కోసం హాకీ లీగ్ పెట్టుకున్నారు. 1940లలో హెర్బ్ కార్నెగీ ఎంత గొప్పగా ఆడినా అతను పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టలేకపోయాడు. 1958 జనవరి 18న విల్లీ ఓరీ అడుగుపెట్టాకే అక్కడ మొదటి నల్ల ఆటగాడు కనిపించాడు. ఆట రాక కాదు, మంచు మీదికి రానివ్వక.

2001లో ప్రిన్స్‌టన్ మాజీ అధ్యక్షుడు విలియమ్ బోవెన్, జేమ్స్ షుల్మన్ కలిసి ‘ది గేమ్ ఆఫ్ లైఫ్’ అనే పుస్తకం తెచ్చారు. గట్టి పోటీ ఉండే 30 కాలేజీల రికార్డులు తవ్వి రాసిన పుస్తకమది. ఆట స్కాలర్‌షిప్ ఇవ్వని ఒక కాలేజీలో 1999 దరఖాస్తులను చూస్తే, అవే టెస్ట్ స్కోర్లున్న మామూలు అబ్బాయి కంటే కోచ్ జాబితాలో ఉన్న అబ్బాయికి సీటు అవకాశం 48 పాయింట్లు ఎక్కువ. పూర్వ విద్యార్థుల పిల్లలకు 25. మైనారిటీ విద్యార్థులకు 18. ఈ మూడు అంకెలూ నోట్‌బుక్‌లో రాసుకోండి. చిన్న కాలేజీలో ఈ బరువు ఇంకా ఎక్కువ. విలియమ్స్‌లో చదివేది సుమారు 2,000 మంది, జట్లు ముప్ఫైకి పైనే. మరి సీట్లలో ఎంత భాగం జట్లకే పోతుందో లెక్కేసుకోండి.

మూడు అంకెల్లో కోర్టు మెట్లెక్కింది ఏది? 18. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడం కుదరదంది. ఆ విచారణలోనే బయటపడ్డ సంగతి: హార్వర్డ్‌లో కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లు దరఖాస్తు పెడితే నూటికి 86 మందికి సీటు వచ్చింది. హార్వర్డ్ చిన్న కాలేజీ కాదు, కానీ అదీ ఆట స్కాలర్‌షిప్ ఇవ్వదు. ఆ 86ను తీర్పు ముట్టుకోలేదు.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆ ఆటగాళ్లు సోమరులని నేననడం లేదు. తెల్లవారకముందే లేచి మంచు మీద పడి లేచినవాళ్లే. మూడో డివిజన్‌లో ఫీజు తక్కువుండే ప్రభుత్వ కాలేజీలూ ఉన్నాయి. ప్లాట్స్‌బర్గ్, స్టీవెన్స్ పాయింట్ లాంటివి కప్పులు గెలిచాయి. కష్టం నిజం. కానీ కష్టపడే అవకాశం ముందే పంచి ఉంది. ఆ పంపకాన్ని దాచిపెట్టి, మిగిలిన కష్టానికి మాత్రమే ‘ప్రతిభ’ అని పేరు పెట్టారు. స్కాలర్‌షిప్ ఇవ్వం అన్నది సమానత్వంగా కనిపించింది. సీటే అసలు బహుమతి అని ఎవరూ అనలేదు.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇది. అమెరికాలోనూ గేటు దగ్గర జాబితాలున్నాయి. కొన్ని జాబితాలకే కోటా అని పేరు. మిగతా వాటిని రిక్రూట్‌మెంట్ అంటారు, సంప్రదాయం అంటారు, మెరిట్ అంటారు. హాస్టల్లో మళ్లీ ఎవరైనా ఆ మాటంటే గొంతు పెంచకు, తలా దించకు. “నువ్వు నేర్చుకున్న రింకు ఎవరు కట్టించారు?” అని మెల్లగా అడుగు. రింకు అంటే ఏంటని వాళ్లడిగితే కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పు.

వచ్చే భాగంలో ఆ రెండో అంకె, 25 గురించి. పూర్వ విద్యార్థుల పిల్లలకు సీట్లు ఎప్పుడు, ఎవరిని ఆపడానికి మొదలయ్యాయో మాట్లాడుకుందాం.

జై భీమ్.