చెవి నుంచి కంటికి: కరవు సీమలో పెద్ద తెర ఫోను

పడమటి కనుమల వానచాటున ఉండి, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంతోనే సేద్యం నెట్టుకొచ్చే అనంతపురం పీఠభూమిలో, మెట్టపొలంలో వేసిన వేరుశనగ నిలిచి గెలవాలంటే పదునుతో పాటు సకాలంలో అందే సలహా కూడా అవసరం. అందుచేత ఆ సలహాను మోసుకొచ్చే సెల్‌ఫోన్ తెర ఎంత ఉండాలన్నది ఈ సీమలో సేద్యంతో ముడిపడిన ప్రశ్న.

2004 జనవరి 21న కేంద్ర ప్రభుత్వం కిసాన్ కాల్ సెంటర్లను ప్రారంభించి 1551 నంబరును రైతులకు అందుబాటులోకి తెచ్చినప్పుడు, ఫోను చెవికి మాత్రమే పనికొచ్చే సాధనం. ఉదాహరణకు, చెనిక్కాయ (వేరుశనగ) పైరుకు సోకే తిక్కాకు తెగులులో రెండు రకాలున్నాయి. ముందుగా వచ్చే మచ్చ గోధుమరంగులో ఉండి చుట్టూ పసుపు వలయం కలిగి ఉంటుంది. ఆలస్యంగా వచ్చే మచ్చ ఆకు అడుగున దాదాపు నల్లగా కనిపిస్తుంది. ఇంత సన్నని తేడాను మాటల్లో చెప్పి అవతలివారికి అర్థం చేయించడం రైతుకు కష్టమే.

2007లో వచ్చిన మొదటి ఐఫోన్ తెర 3.5 అంగుళాలు కాగా, 2011లో శామ్‌సంగ్ విడుదల చేసిన గెలాక్సీ నోట్ 5.3 అంగుళాల తెరతో, విస్తీర్ణంలో దానికి రెట్టింపుకు మించి, ఫోనుకూ ట్యాబ్లెట్‌కూ నడుమ నిలిచే ‘ఫ్యాబ్లెట్’ అనే తరగతికి ప్రాచుర్యం తెచ్చింది. 2015లో శ్రీసిటీలో షావోమీ ఫోన్ల తయారీ మొదలు కావడం, 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవక కావడం వల్ల ఆకు ఫొటో తీసి పంపడం పల్లెల్లోనూ సాధ్యమయింది.

పెద్ద తెర మేలు తెలుగు చదువరికి మరింత ఎక్కువ. ‘శాస్త్రీయ’ అనే మాటలోని ‘స్త్రీ’కి పైన గుడిదీర్ఘం, కింద తకార, రకార వత్తులు చేరి ఒకే అక్షరం మూడు అంతస్తులుగా నిలుస్తుంది కాబట్టి, చిన్న తెర మీద వత్తులు అలుక్కుపోయి చత్వారం వచ్చిన కళ్లకు ఆనవు, అక్షరం పెంచితే వాక్యం ముక్కలవుతుంది.

లోపాలూ తక్కువేమీ కావు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తెర కనబడాలంటే వెలుగును పూర్తిగా పెంచాలి, వెలిగించాల్సిన వైశాల్యం పెరిగేకొద్దీ చార్జింగ్ త్వరగా తరుగుతుంది. ఒక చేతిలో పార ఉన్నవారికి రెండో చేతి బొటనవేలు పైమూలకు అందదు. జేబులోంచి జారి రాతినేల మీద పడితే పగిలే అద్దమూ పెద్దదే. పైగా అంగుళాల లెక్క మూల నుంచి మూలకు కొలిచేది కావడంతో, 16:9 నిష్పత్తిలోని 5.5 అంగుళాల తెరా, 2017 తర్వాత వ్యాపించిన 18:9 నిష్పత్తిలోని 6 అంగుళాల తెరా వెడల్పులో ఇంచుమించు సమానమే, అంటే దాదాపు 6.8 సెంటీమీటర్లు, పెరిగింది పొడవే గాని పంక్తిలో పట్టే అక్షరాలు కావు.

ఈ మంచిచెడ్డలను తూచి చూస్తే, చదవడానికీ ఆకుమచ్చను గుర్తించడానికీ పెద్ద తెరే మేలని ఒప్పుకోవాలి. అయితే కొనేవారు పెట్టె మీది అంగుళాలను నమ్మి ఊరుకోక, దుకాణం బయట ఎండలో నిలబడి, ఒంటిచేత్తో పట్టుకుని, ఒక తెలుగు వార్తను చదివి చూసుకున్నాకే డబ్బు చెల్లించాలి.