మంచానికీ గోడకీ మధ్య యార్డు

రాత్రి తొమ్మిదింబావు. మెట్టుగూడలో మా పడగ్గది. కాస్త పక్కకి తిరిగి లోపలికి రండి, తలుపు పూర్తిగా తెరుచుకోదు. వెనక ఆరడుగుల బల్ల ఉంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో రైలుపట్టా, ఏడాదిగా దాని చుట్టూ ఒకటే బండి. పది నిమిషాలు ముచ్చటగా ఉంటుంది, పదకొండో నిమిషానికి ఆవులింత వస్తుంది. పాపం, ఆ బండికి వెళ్ళాల్సిన ఊరంటూ లేదు.

బల్ల చివర నుంచి కిటికీ దాకా గోడ మూడున్నర అడుగులు. గోడకీ మంచానికీ మధ్య మనిషి నడిచేంత సందు. ఆ సందులోకి యార్డు కోసం పది అంగుళాల అర ఒకటి తెరుచుకోవాలి, పడుకునే వేళకి గోడకి అతుక్కుపోవాలి. రాత్రి మంచినీళ్ళకి లేస్తే తుంటికి ఏదీ తగలకూడదు. మా ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే. రాణీగంజ్ నుంచి రెండు మడత బ్రాకెట్లు తెచ్చాను, పన్నెండు మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించాను. గోడకి బెజ్జాలు మధ్యాహ్నమే వేశాను. ఆ దుమ్ము సంగతి ఇప్పుడెత్తకండి, దిండు గలీబులు ఇంకా బకెట్లోనే నానుతున్నాయి.

మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నది మా మామయ్య. మౌలాలి యార్డులో షంటింగ్ మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. నేను రసమట్టం పెట్టి, బుడగ మధ్యలోనే ఉందని తృప్తిపడుతున్నాను. ఆయన ఏమీ అనకుండా ఒక వ్యాగన్ తీసి, అర మీద వదులుగా పరిచిన పట్టాముక్క మీద పెట్టి వేలు తీశాడు. అది తనంతట తనే కిటికీ వైపు నడిచింది. మెల్లగా మొదలై, చివర్లో ఊపందుకుని, ఆయన అరచేతిలో పడింది.

"ఒరే అల్లుడూ, స్టేషన్ యార్డులో వాలు నాలుగు వందలకి ఒకటి దాటకూడదు. పన్నెండు వందలకి ఒకటైతే ఇంకా మంచిది. ఇక్కడెంతో లెక్క కట్టు."

కట్టాను. మూడున్నర అడుగులకి రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. నా బుడగకి ఆనని తేడా వ్యాగన్ చక్రాలకి ఆనింది. పాత పెళ్ళిపత్రిక ఒకటి నాలుగు మడతలు పెట్టి కిటికీ వైపు బ్రాకెట్ మీద ఇరికించాను. వ్యాగన్ నిలబడింది.

ఇంకొంచెం వంగి పట్టా చూడండి. రెండు పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ స్కేలంటే అసలుకి ఎనభై ఏడో వంతు. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు కాబట్టి 19 దాటి ఉండాలి. మామయ్య కంటికి ఆ తేడా ఎప్పుడో దొరికింది. "ఇది మన గేజ్ కాదు గదరా."

"1435 లెక్కన చేసింది మామయ్యా. విదేశాల గేజ్."

"విదేశాలదాకా ఎందుకు, మెట్రో గేజ్ అను." నిజమే, హైదరాబాద్ మెట్రో నడిచేది దాని మీదే.

ఇక యార్డు. ఇంగ్లండు మోడలర్ అలన్ రైట్ పేరు మీద చెప్పుకునే ఇంగిల్‌నుక్ పద్ధతి ఇది. మూడు లైన్లు, లైను మార్చే రెండు పాయింట్లు. ఒక లైనులో ఐదు వ్యాగన్లు, మిగతా రెంటిలో మూడేసి పడతాయి. ఆటకి దిగేవి ఎనిమిదే. చీటీలు తీసి, వచ్చిన వరసలో ఐదింటితో బండి కట్టాలి. ఎనిమిదిలో ఐదింటిని వరసగా పేర్చే తీరులు 6,720. నా బాక్స్‌ఎన్ వ్యాగన్ పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు, ఇంజను ఇరవై. పాయింట్లతో కలిపి కొలిస్తే మొత్తానికి దాదాపు ఐదడుగులు కావాలి. ఉన్నది మూడున్నర.

నెల రోజులు ఇక్కడే ఆగిపోయాను. దారి చూపింది మామయ్యే. "ఇంజనూ మూడు వ్యాగన్లూ ముందుకీ వెనక్కీ ఆడే ఆ షంటింగ్ నెక్ అర మీదే ఎందుకుండాలి? బల్ల మీదికి లాగు. యార్డులో జాగా ఏనాడు చాలింది గనక!" అంతే, రెండడుగులు మిగిలాయి. పైగా అతుకు దాటేది ఒక్క లైనే.

అందుకే ఈ రాత్రంతా ఆ అతుకు దగ్గరే. బల్ల అంచున రెండు, అర అంచున రెండు ఇత్తడి స్క్రూలు దిగాయి. తలలు సరిగ్గా పట్టా అడుగుకి తగిలేంత ఎత్తులో. పట్టాని కోయకుండా ఆ సందు మీదుగా పరిచి, నాలుగు తలలకీ టంకం పెట్టాను. ఫ్లక్స్ పొగకి మా ఆవిడ వంటింట్లోంచే దగ్గుతోంది. ఇప్పుడు కోత. పల్చటి రాతిచక్రం ముట్టగానే చిన్న నిప్పురవ్వ, ఒక కీచుమన్న చప్పుడు, పట్టా రెండు. ముందే కోసి తర్వాత కలపబోతే ఎన్నటికీ ఎదురెదురు నిలబడవు. మీ గోరు అడ్డంగా లాగి చూడండి. తట్టుకుందా? నాకూ తట్టుకుంది. సన్న ఆకురాయితో రెండుసార్లు రుద్దాక గోరు జారిపోయింది.

బ్రాకెట్లకి కాస్త లూజుంది, అర ముందుకీ వెనక్కీ వెంట్రుకవాసి ఊగుతుంది. దానికి తలుపులకి వేసే ఇత్తడి టవర్‌బోల్టులు రెండు బిగించాను. అవి పడితే అర కదలదు. బల్ల చివరి పట్టాకి కరెంటు కూడా వాటి మీదుగానే వెళ్తుంది. గడియ పడకపోతే ఇంజను అంచుకి చేరకముందే ఆగిపోవాలి.

కంట్రోలర్ తిప్పాను. నీలం డబ్ల్యూడీఎం-2 ఇంజను మూడు వ్యాగన్లని తోసుకుంటూ నెక్ మీద బయల్దేరింది. ముందు వ్యాగన్ అతుకుదాకా వెళ్ళింది. ఆగింది. చెమటలు పట్టాయి నాకు. తీగలన్నీ విప్పాలేమోనని కిందికి దూరుతుంటే పైనుంచి మామయ్య గొంతు.

"రెండో గడియ వెయ్యలేదు నువ్వు. పాయింట్ లాక్ కాందే సిగ్నలెట్లా ఇస్తారు?"

టక్‌మని వేశాను. టక్, టక్, టక్, టక్. నాలుగు జతల చక్రాలు అతుకు మీద, వ్యాగన్ తర్వాత వ్యాగన్. మామయ్య ఒళ్ళోంచి చీటీల డబ్బా దించలేదు.

పదీ నలభై. ఐదు చీటీల్లో నాలుగు తీరాయి. మిగిలింది ఏడో నంబరు, మూడో లైన్లో అన్నిటికన్నా లోపల. దాని ముందున్న వ్యాగన్ వెనక చక్రం, పక్క లైనుకి అడ్డురాకుండా ఆగాల్సిన ఫౌలింగ్ మార్క్ మీద ఉందని మామయ్య వేలితో చూపిస్తుండగా, మా ఆవిడ దుప్పటి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"బాబాయ్‌గారూ, మడిచేస్తారా?"

"ఇంకొక్క వ్యాగనమ్మా," అన్నాడాయన, తల ఎత్తకుండా.