ఫోన్ బొమ్మ గీయనన్న డిజైనర్

ఈరోజు హెన్రీ డ్రైఫస్ గురించి మాట్లాడుకుందాం. 1904లో న్యూయార్క్‌లో పుట్టారు. మొదట నాటకాలకు సెట్లు వేశారు, 1929లో సొంత డిజైన్ ఆఫీసు పెట్టారు.

ఆ రోజుల్లోనే బెల్ ల్యాబ్స్ వాళ్లు కొంతమంది ఆర్టిస్టులకు తలా 1000 డాలర్లు ఇస్తాం, రేపటి ఫోన్ ఎలా ఉండాలో గీసివ్వండి అన్నారు. ఈయన కుదరదన్నారు. లోపల ఏముందో తెలియకుండా పై డొక్కు ఎలా గీస్తాను, మీ ఇంజనీర్లతో కలిసి కూర్చుంటేనే చేస్తానన్నారు. చివరికి బెల్ వాళ్లే మళ్లీ పిలిచారు. 1937 నాటి 302 ఫోన్, 1949 నాటి 500 మోడల్ అలా కలిసి చేసినవే.

ఇంకో చిక్కు ఉంది. అసలు ఇది వృత్తా, వ్యాపారమా? న్యూయార్క్ రాష్ట్రం వ్యాపార పన్ను వేస్తే, వాల్టర్ డార్విన్ టీగ్ అనే డిజైనర్ కోర్టుకెళ్లి మాది వృత్తేనని గెలిచారు. 1944లో 15 మంది కలిసి సంఘం పెట్టారు. టీగ్ అధ్యక్షుడు, డ్రైఫస్ వ్యవస్థాపక సభ్యుడు. బయట ఒకరికొకరు పోటీ అయినవాళ్లే!

1965లో మూడు సంఘాలు ఒక్కటై ఐడీఎస్ఏ అయ్యాయి. అందులో ఒకటి డిజైన్ టీచర్లది. మొదటి అధ్యక్షుడు డ్రైఫస్. అప్పటికే పెద్ద పేరున్న మనిషి, ఆ కుర్చీతో కొత్తగా వచ్చేదేం లేదు.

నేను కోడ్ రాసే రోజుల్లో డిజైన్ టీమ్‌తో మాట్లాడింది తక్కువ. డిజైన్ చివర్లో చేతికొచ్చేది, అన్నీ మళ్లీ మార్చేవాళ్లం. డ్రైఫస్ ఫోన్ దగ్గర అడిగిందీ, సంఘంలో చేసిందీ ఒకటే: ముందు అందరూ ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. మీ ఆఫీసులో కూర్చుంటున్నారా? ఆలోచించండి. మళ్లీ కలుద్దాం!