క్రీడాచిత్రకారుని తొలి కొలువు

క్రీడాచిత్రకారుడు తొలి కొలువునకు ఏ పనులు చూపవలెనను ప్రశ్నకు నేను చరిత్రనుండి యొక నిదర్శనము చెప్పెదను.

1889లో క్యోటో నగరమున పేకముక్కల తయారీతో మొదలైన నింటెండో సంస్థకు 1977లో షిగెరు మియామోటో యను యువకుడు వచ్చెను. కనజావాలో పారిశ్రామిక రూపకల్పన చదివినవాడు. అధ్యక్షుడు యమవుచి దర్శనము తండ్రి పరిచయముచే లభించెను. కాని యాతడు చూపినవి, పిల్లల బట్టలు తగిలించుటకు జంతురూపమున తాను చేసిన కొయ్యలు. మన చిలుకకొయ్యలకవి చుట్టములు. చిత్రకారుడుగా కొలువు దొరకెను.

1981లో ‘డాంకీ కాంగ్’ ఆటకు బొమ్మ గీయవలసివచ్చినప్పుడు తెరపై చుక్కలు మిగుల కొద్ది. నోటికి తావులేక మీసము పెట్టెను. జుట్టు కుదురక టోపీ తొడిగెను. ఆ బొమ్మయే తరువాత మారియో యయ్యెను.

కావున కొలువుగోరువారు తమ చిత్రముల కట్టలో అందమైన పటములేగాక, వాడువారి యక్కరను, సాధనపు హద్దును ఎరిగి చేసిన పని యొకటియైన నుంచవలెనని నా మనవి.