నేతగాళ్ల అర్జీ, పార్లమెంటు కమిటీ

సమాఖ్య వార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యవర్గం పెద్దలు మమ్మల్ని అడిగారు. మన కులాల పుట్టుక కథలు, మన పెద్దలు వలస వచ్చిన దారులు, గుళ్లు, సత్రాల సంగతులు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకని మేము వేరే సంగతి ఎత్తుకున్నాం. ఒక చట్టం చేసే ముందు పార్లమెంటు కమిటీ వేసి విచారణ జరుపుతుంది కదా. ఆ విచారణలో మగ్గం మీద కూర్చున్నవాడి మాట ఎప్పుడైనా విన్నారా? విన్నాక ఏం చేశారు? సొసైటీ లెక్కలు రాసుకునే మాకు ఇంగ్లండు చరిత్రతో పనేమిటని కొందరు నవ్వొచ్చు. పని ఉంది. అక్కడి సభలో నేతగాళ్ల బిల్లు ఓడిపోయిన రోజున మన నేతగాళ్ల పేరు కూడా ఎత్తారు. అది చెప్పడానికే ఇదంతా.

ముందుగా పద్ధతి తెలియాలి. మన ఢిల్లీ పార్లమెంటు పద్ధతి చాలావరకు ఇంగ్లండు నుంచి వచ్చిందే. బిల్లును మొదటిసారి సభ ముందు పెట్టడం ఒక ఘట్టం. రెండోసారి దాని మంచి చెడ్డలు చర్చిస్తారు. ఆ తర్వాత కమిటీకి పోతుంది. కొన్నిసార్లు సభ మొత్తం కమిటీగా కూర్చుంటుంది, కొన్నిసార్లు కొద్దిమంది సభ్యుల్ని ఏరి సెలెక్ట్ కమిటీ వేస్తారు. మనుషుల్ని పిలిపించే అధికారం, కాగితాలు తెప్పించే అధికారం ఆ కమిటీకి ఇస్తారు. సాక్షిని కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారు. ప్రతి ప్రశ్నకూ నంబరు వేసి, ప్రశ్నా జవాబూ రెండూ రాసి అచ్చు వేస్తారు. నీలం అట్ట ఉండేది కాబట్టి వాటికి నీలి పుస్తకాలని పేరు. చివర్లో కమిటీ నివేదిక ఇస్తుంది. అది సలహా మాత్రమే, సభ దానికి కట్టుబడాలని లేదు.

ఇంకో దారి కూడా ఉంది. బిల్లు లేకుండానే, జనం పంపిన అర్జీల మీద కమిటీ వేయొచ్చు. అప్పుడు విచారణ ముందు, బిల్లు తర్వాత. ఇంగ్లండు నేతగాళ్ల విషయంలో ఇలాగే జరిగింది.

వాళ్లది కూడా మనలాంటి బతుకే. లాంకషైర్ జిల్లాలో బోల్టన్, స్కాట్లాండులో పైస్లీ, ఇలాంటి ఊళ్లల్లో ఇంట్లోనే మగ్గం. ఆడవాళ్లు, పిల్లలు కండెలు చుట్టేది, మొగవాళ్లు నేసేది. నూలు సావుకారు ఇస్తాడు, గుడ్డ సావుకారుకే పోతుంది, చేతికి మజూరి వస్తుంది. బోల్టన్‌లో 1805 ప్రాంతంలో వారానికి 25 షిల్లింగులు వచ్చే మజూరి 1820కి 9 షిల్లింగులైంది. 1830కి 5 షిల్లింగుల 6 పెన్నీలకు దిగింది. మరమగ్గం వచ్చి చెడగొట్టిందని మనం ఊరికే అనేస్తాం గాని లెక్క చూడండి. 1813లో ఆ దేశం మొత్తంలో మరమగ్గాలు 2,400 మాత్రమే. లక్ష అయ్యేసరికి 1833 వచ్చింది. అంటే యంత్రం ఊపందుకోక ముందే మజూరి సగానికి పైగా పోయింది. ఒక సావుకారు రేటు కోస్తాడు, పక్కవాడు నేనెందుకు ఎక్కువివ్వాలని తానూ కోస్తాడు. ఈ మాట అర్థం కావడానికి మనకు ఏ నీలి పుస్తకమూ అక్కర్లేదు.

అందుకే నేతగాళ్లు అడిగింది ఒకటే: ఇంతకంటే తక్కువ ఇవ్వకూడదు అని ఒక కనిష్ఠ మజూరి చట్టం. 1808లో జార్జ్ రోజ్ అనే సభ్యుడు అలాంటి బిల్లు తెచ్చాడు. తెచ్చినాయనకే దాని మీద పెద్ద నమ్మకం లేదు. సభలో ఎదురు మాటలు రాగానే వెనక్కి తీసుకున్నాడు. ఆ వార్త తెలిసి మాంచెస్టర్ మైదానంలో వేలమంది నేతగాళ్లు గుమిగూడారు. సైన్యం వచ్చింది, ఒక నేతగాడు చనిపోయాడు. వాళ్ల పక్షాన నిలబడ్డ జోసెఫ్ హాన్సన్ అనే ఆయనకు 6 నెలల జైలు, 100 పౌండ్ల జరిమానా వేశారు. ఆయనకు బహుమానంగా ఒక పాత్ర చేయించడానికి 39,600 మంది తలా ఒక పెన్నీ వేసుకున్నారట. మన సంఘాల్లో చందాలు వసూలు చేసినవాళ్లకు ఆ పెన్నీ విలువ తెలుస్తుంది.

1811లో మళ్లీ అర్జీలు పంపారు. మాంచెస్టర్ నుంచి 40 వేలు, స్కాట్లాండు నుంచి 30 వేలు, బోల్టన్ నుంచి 7 వేల సంతకాలు. కమిటీ వేశారు. వ్యాపార స్వేచ్ఛలోనూ, మనిషి తన కాలాన్నీ శ్రమనూ తనకు నచ్చిన షరతులకు అమ్ముకునే స్వేచ్ఛలోనూ చట్టం జోక్యం చేసుకోకూడదు అని ఆ కమిటీ తేల్చింది. పొయ్యి వెలగని ఇంటివాడికి నచ్చిన షరతు ఏముంటుందో వాళ్లే చెప్పాలి. ఆ మాట రాసినవాళ్లు చెడ్డవాళ్లని మేము అనడం లేదు. అర్జీ చదవక ముందే జవాబు సిద్ధంగా ఉందని మాత్రం తెలుస్తూనే ఉంది.

1834లో వేసిన కమిటీ అలాంటిది కాదు. జాన్ మాక్స్‌వెల్ అనే స్కాట్లాండు సభ్యుడు పట్టుబట్టి వేయించాడు. జాన్ ఫీల్డెన్ అనే సభ్యుడు దానికి వెన్నుదన్ను. ఈ ఫీల్డెన్ పెద్ద మిల్లు యజమాని. మిల్లు యజమాని చేమగ్గం వాడి కోసం నిలబడటం ఆశ్చర్యమే, కాని నిజం. 1834, 1835 రెండేళ్లు విచారణ సాగింది. సావుకారులు వచ్చారు, నేతగాళ్లు కూడా వచ్చారు. ఏ రకం గుడ్డకు ఏ ఏడు ఎంత ఇచ్చారు, నూలు పోను, గంజి, దీపం ఖర్చు పోను ఇంటికి ఏం మిగిలింది, పిల్లలకు ఏం పెడుతున్నారు, గుడికి పోవడానికి బట్టలున్నాయా, ఇలాంటివి అడిగారు. మగ్గం మీద ఆధారపడి బతికేవాళ్లు దాదాపు 8 లక్షల మంది అని లెక్క తేలింది. ఆ కమిటీ నేతగాళ్ల మాట నమ్మింది. ప్రాంతానికో బోర్డు పెట్టి, చిన్నా పెద్దా తయారీదారుల్ని కూర్చోబెట్టి, కనిష్ఠ మజూరి నిర్ణయించాలని వచ్చిన ఆలోచనను బలపరిచింది.

1835 జూలై 28న మాక్స్‌వెల్ ఆ బిల్లు కోసం సభలో లేచాడు. అనుకూలం 41, వ్యతిరేకం 129. రెండేళ్ల విచారణ ఒక్క ఓటింగుతో పోయింది.

ఆ చర్చలోనే డాక్టర్ జాన్ బౌరింగ్ అనే సభ్యుడు లేచి, త్వరగా నేర్చుకోగల పనిలో ఉన్నవాళ్లకు, చౌక సరుకు వచ్చినప్పుడు ఈ బాధ తప్పదు అన్నాడు. దానికి ఉదాహరణగా హిందూదేశాన్ని చూపించాడు. ఢాకా మస్లిన్ వంటి నాణ్యమైన గుడ్డ నేసినవాళ్లే ఇంగ్లండు సరుకు దెబ్బకు పనిలేక పోయారు, ఎందరో ఆకలితో చనిపోయారు, మిగిలినవాళ్లు వ్యవసాయానికి మళ్లారు అని వివరంగా చెప్పాడు. చెప్పినవన్నీ నిజాలే. దేనికి చెప్పాడన్నదే మాకు మింగుడు పడనిది. అక్కడివాళ్లు అలా పోయారు, ఇక్కడివాళ్లూ పోతారు, చట్టంతో ఆపలేం అనడానికి మనవాళ్ల చావును సాక్ష్యం చేశాడు. బోల్టన్ నేతగాడు ఆ కమిటీ ముందు కూర్చుని తన మాట తాను చెప్పుకున్నాడు. ఓడిపోయినా చెప్పుకున్నాడు. మనవాడికి ఆ కుర్చీ కూడా లేదు.

మన గురించి ఆ పార్లమెంటు విచారణ జరపలేదా అంటే జరిపింది. 1813లో ఈస్టిండియా కంపెనీ చార్టరు చట్టానికి ముందు సాక్ష్యాలు తీసుకున్నారు. థామస్ మన్రో చెప్పిన సాక్ష్యం మన సంఘాలవాళ్లు తప్పక తెలుసుకోవాలి. దత్తమండలాలు, అంటే ఇప్పటి రాయలసీమ ప్రాంతం, కలెక్టరుగా చేసినాయన. అంతకుముందు బారామహల్‌లో పనిచేశాడు. బారామహల్ అంటే మన సేలం, ధర్మపురి, కృష్ణగిరి వైపు, తెలుగు నేతగాళ్ల వీధులు ఇవాళ్టికీ ఉన్న చోటు. అక్కడ కంపెనీ మనుషులు పెద్ద నేతగాళ్లను ఒకచోట చేర్చి, కంపెనీకి తప్ప ఇంకెవరికీ గుడ్డ ఇవ్వమని ఒప్పుకునే దాకా కాపలా పెట్టేవారని ఆయన చెప్పాడు. ఒకసారి బయానా తీసుకున్నవాడు ఆ బాకీలోంచి బయటపడటం అరుదు. సరుకు ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతు. సభవాళ్లు ఇంగ్లండు సరుకు అక్కడ అమ్ముడుపోతుందా అని అడిగితే, తాను ఒక హిందూదేశపు శాలువా 7 ఏళ్లు వాడానని, తేడా పెద్దగా రాలేదని, ఇంగ్లండు శాలువా ఊరికే ఇచ్చినా వాడనని మన్రో అన్నాడు. ఇంత మంచి మాటలు విని కూడా ఆ సభ అదే ఏడు చట్టం చేసి, మన దేశంతో వ్యాపారాన్ని అక్కడి వర్తకులందరికీ తెరిచింది.

1840లో ఇంకో సెలెక్ట్ కమిటీ. ఈసారి అర్జీ పెట్టింది ఎవరనుకున్నారు? ఈస్టిండియా కంపెనీయే. హిందూదేశపు సరుకు మీద ఇంగ్లండులో సుంకం ఎక్కువగా ఉంది, తగ్గించండి అని. అక్కడి నూలుగుడ్డ ఇక్కడికొస్తే సుంకం నూటికి మూడున్నర. మన నూలుగుడ్డ అక్కడికి పోతే నూటికి 10, పట్టుకు 20. లార్పెంట్ అనే వర్తక సంఘం పెద్ద లెక్కలు పెట్టాడు. 1814లో మన దేశం నుంచి అక్కడికి పోయిన నూలుగుడ్డ 12,66,608 తానులు, 1835లో 3,06,086. అక్కడి నుంచి మన దేశానికొచ్చింది 1814లో 8,18,208 గజాలు, 1835లో 5,17,77,277 గజాలు. ట్రెవెలియన్ అనే అధికారి ఢాకా ఊరి జనం లక్షా 50 వేల నుంచి 30, 40 వేలకు పడిపోయిందన్నాడు. రమేశ్ చంద్ర దత్ గారు తమ ఆర్థిక చరిత్రలో ఈ సాక్ష్యాలన్నీ ఎత్తి చూపారు కాబట్టే మనలాంటివాళ్లకు అందాయి. సాక్షుల్లో వర్తకులు, అధికారులు, మిల్లులవాళ్లు ఉన్నారు. వేల మైళ్ల అవతల మగ్గం మీద ఉన్నవాడిని పిలవలేదు.

ఇంగ్లండు నేతగాళ్ల కథ అక్కడితో ఆగలేదు. 1837లో రాయల్ కమిషన్ వేశారు. 1841లో వచ్చిన నివేదిక, చట్టంతో మజూరి పెంచలేం, మీ పిల్లల్ని ఈ పనిలో పెట్టకండి అని చెప్పి చేతులు దులుపుకుంది. ఆ తరం వెళ్లిపోయింది. అయితే 1907, 1908లో ఇళ్లలో కూర్చుని చాలీచాలని కూలికి పనిచేసేవాళ్ల మీద మరో సెలెక్ట్ కమిటీ కూర్చుంది. 1909లో చట్టం వచ్చింది. దర్జీ పని, అట్టపెట్టెల పని, లేసు పని, గొలుసుల పని, ఈ నాలుగింటికీ బోర్డులు పెట్టి కనిష్ఠ కూలి నిర్ణయించమంది. బోర్డు పెట్టి కనిష్ఠ రేటు కట్టాలన్న 1835 నాటి ఆలోచనే 74 ఏళ్లకు చట్టమైంది. అందుకోవడానికి బోల్టన్‌లో చేమగ్గాలు మిగల్లేదు. మన దేశంలో కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. రేట్లు కట్టే ముందు కమిటీ వేసి విచారించవచ్చని అందులోనూ రాశారు.

ఇక మన పార్లమెంటు. 1993లో శాఖల వారీగా 17 స్టాండింగ్ కమిటీలు పెట్టారు, 2004లో 24 చేశారు. ఒక్కోదానిలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులు ఉండరు. మన జౌళి శాఖ కార్మిక శాఖతో కలిపి ఒక కమిటీ కింద ఉంది. బిల్లును కమిటీకి పంపాలా వద్దా అన్నది స్పీకరు గారి చేతిలో, రాజ్యసభలో అయితే ఛైర్మన్ గారి చేతిలో ఉంటుంది. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు కమిటీలకు పోయాయి. 17వ లోక్‌సభలో పోయినవి నూటికి 16. ఏ పార్టీ అన్నది పక్కన పెట్టండి. కమిటీకి పోని బిల్లు మీద మనలాంటివాళ్లు మాట చెప్పే చోటు తగ్గిపోతుంది.

చట్టం ఒక్కటే చూసుకుంటే చాలదు కూడా. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం మనకు పెద్ద అండ. మిల్లులవాళ్లు, మరమగ్గాలవాళ్లు కోర్టుకు పోయినా 1993లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. కాని చేమగ్గానికి వదలాల్సిన రకాల జాబితా 1986లో 22 ఉంటే తర్వాత 11 అయింది. చట్టం ఉన్నచోటే ఉంది, సర్కారు ఉత్తర్వుతో జాబితా సగమైంది. బిల్లు కానిదాన్ని కమిటీకి పంపే పని లేదు.

మన సొసైటీల సెక్రటరీలకు పనికొచ్చే ఒక సంగతి. బిల్లు కమిటీకి పోయినప్పుడు అభిప్రాయాలు పంపమని పత్రికల్లో ప్రకటన వేస్తారు. గడువు తరచుగా 15 రోజులే ఉంటుంది. ప్రకటన చూసి కార్యవర్గం మీటింగు పెట్టి తీర్మానం రాసే లోపల గడువు అయిపోతుంది. అందుకని లెక్కలు ముందే సిద్ధంగా ఉండాలి: ఏ నంబరు నూలు, చిలప ధర ఎంత, పడుగుకు ఎన్ని రోజులు, చీరకు మజూరి ఎంత, ఇంట్లో ఎంతమంది చేతులు పడ్డాయి. ఇది కాక, లోక్‌సభకు నేరుగా అర్జీ పెట్టే దారి కూడా ఉంది. సభలో పెట్టిన బిల్లు మీద పెట్టొచ్చు, సభ్యుడి ద్వారా పెడితే దాని మీద ఆయన సంతకం కావాలి. అర్జీ హిందీలోనో ఇంగ్లీషులోనో ఉండాలి. తెలుగులో రాసుకుంటే ఆ రెండింటిలో ఒకదానికి తర్జుమా జతచేసి, ఆ తర్జుమా మీద కూడా అర్జీదారు సంతకం పెట్టి పంపాలి.