దుబాయ్‌లో ఇల్లు అద్దెకు తీసుకుంటున్నారా? ఇజారీలో పేరు ఎవరిదో ముందు చూసుకోండి

దుబాయ్‌లో భార్యాపిల్లలను దగ్గర ఉంచుకోవాలనుకునే మనవాళ్లకు జీతం కాగితం తర్వాత ముఖ్యమైనది ఇజారీ. ఫ్యామిలీ వీసాకు అదే అడుగుతారు, ‘దేవా’ దగ్గర కరెంటు, నీళ్ల కనెక్షన్‌కూ అదే అడుగుతారు. అరబ్బీలో ఇజారీ అంటే ‘నా అద్దె’. మాట మనకు కొత్తది కాదు, నిజాం కాలపు భూముల లెక్కల్లో ఇజారా, ఇజారాదారు అని పెద్దలు వాడిందే.

అద్దె ఒప్పందాన్ని దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ దగ్గర నమోదు చేయించడమే ఇజారీ. దీనికి ఆధారం 2007 నాటి 26వ నంబరు చట్టం, దాన్ని 2008లో 33వ నంబరు చట్టంతో సవరించారు. సంతకాలైన ఒప్పందం, ఇంటి యాజమాన్య పత్రం కాపీ, ఇద్దరి ఎమిరేట్స్ ఐడీ కాపీలు ఉంటే టైపింగ్ సెంటర్‌లో పని అయిపోతుంది, ఖర్చు సుమారు 220 దిర్హాములు. ‘దుబాయ్ రెస్ట్’ యాప్‌లోనూ చేసుకోవచ్చు. పాత కిరాయిదారు ఇజారీ రద్దు కాకపోతే మీది నమోదు కాదు, కాబట్టి డబ్బు కట్టకముందే ఆ సంగతి అడగండి. షార్జాలో పద్ధతి వేరు, అక్కడ మున్సిపాలిటీ ముద్ర వేయించాలి.

అసలు చిక్కు ఇజారీ తమ పేరున లేనివాళ్లకు వస్తుంది. ‘మనూరి భాయ్ ఫ్లాట్ తీసుకున్నాడు, ఒక గది మనకిస్తాడు’ అని నెలనెలా చేతికి నగదు ఇచ్చే కుటుంబాలు ఎన్నో. రసీదు అడిగితే బాగుండదని మొహమాటం. కానీ యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఇంటిని వేరేవాళ్లకు కిరాయికి ఇవ్వకూడదని చట్టం 24వ అధికరణ చెబుతోంది. అలా ఇస్తే యజమాని ఆ భాయ్‌తో పాటు మిమ్మల్నీ ఖాళీ చేయించమని కోరవచ్చు. మీకు మిగిలేది ఆ భాయ్ మీద నష్టపరిహారానికి కేసు వేసుకునే హక్కు ఒక్కటే, అది కూడా డబ్బు ఇచ్చినట్టు రుజువు ఉంటేనే పనికొస్తుంది. 2025లో మున్సిపాలిటీ అల్ రిగ్గా, సత్వా వంటి చోట్ల అనుమతి లేని పార్టిషన్ గదుల మీద తనిఖీలు పెట్టినప్పుడు ఎక్కువగా ఇబ్బంది పడింది కూడా ఇలాంటి గదుల్లో ఉండేవాళ్లే. ఫ్లాట్ పంచుకోక తప్పదంటే యజమాని రాసిచ్చిన అనుమతి చూడండి, ఇజారీలో సహ నివాసులుగా మీ పేర్లు ఎక్కించమనండి, డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. అడిగితే చిన్నబుచ్చుకునే భాయ్ దగ్గర ఉండకపోవడమే మేలు.

ఏజెంటు ద్వారా వెళ్తే అతని బ్రోకర్ కార్డు నంబరు చూడాలి. యాజమాన్య పత్రం మీద, ఒప్పందం మీద, మీరు రాసే చెక్కు మీద ఒకే పేరు ఉండాలి. వేరే మనిషి సంతకం పెడుతుంటే పవర్ ఆఫ్ అటార్నీ అడగండి. ఏజెంటుకు 5 శాతం ఇవ్వడం, డిపాజిట్‌గా ఖాళీ ఇంటికి 5 శాతం, ఫర్నిచర్ ఉంటే 10 శాతం కట్టడం అక్కడి వాడుక.

కిరాయి పెంచాలన్నా, షరతులు మార్చాలన్నా, వేరే ఒప్పందం లేకపోతే గడువు ముగియడానికి 90 రోజుల ముందే చెప్పాలి. డిసెంబర్ 31న గడువు ముగిస్తే అక్టోబర్ 2 లోపు అన్నమాట. ఎంత పెంచవచ్చో 2013 నాటి 43వ నంబరు డిక్రీలో ఉంది. మీ కిరాయి ఆ ప్రాంతపు సగటు కంటే 10 శాతం లోపే తక్కువైతే ఒక్క దిర్హామూ పెంచరాదు. ఆ తర్వాత తేడాను బట్టి 5, 10, 15 శాతం, ఎంత తేడా ఉన్నా 20 శాతం మించరాదు. సగటు 60,000 ఉన్నచోట మీరు 45,000 కడుతున్నారనుకోండి, తేడా 25 శాతం కనుక పెంపు 10 శాతం, అంటే 4,500 వరకే.

గడువు ముగిశాక ఖాళీ చేయించాలంటే యజమాని 12 నెలల ముందు నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ నోటీసు పంపాలి. కారణం కూడా సొంతానికి వాడుకోవడం, అమ్మకం, కూల్చి కట్టడం, మనుషులుండగా చేయలేని పెద్ద మరమ్మతు, వీటిలో ఒకటై ఉండాలి. వాట్సాప్‌లో ‘వచ్చే నెల ఖాళీ చేయండి’ అంటే అది చట్టం అడిగే నోటీసు కాదు. సొంతానికని ఖాళీ చేయించిన ఇంటిని రెండేళ్లు వేరేవాళ్లకు ఇవ్వకూడదు. అయితే కిరాయి ఎగ్గొట్టి, నోటీసు అందిన 30 రోజుల్లో కూడా కట్టకపోతే గడువు మధ్యలోనే ఖాళీ చేయించవచ్చు.

మరమ్మతులు యజమాని బాధ్యత, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప. చిన్న రిపేర్లు మీ మీద వేసే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది, ఎన్ని దిర్హాముల దాకానో చదివి సంతకం పెట్టండి. మీ మీద కోపంతో నీళ్లో కరెంటో కట్ చేసే హక్కు అతనికి లేదు. మీరేమో అనుమతి లేకుండా గోడలు మార్చకూడదు, ఇంటిని తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి. ఏటా కిరాయిలో 5 శాతం మున్సిపాలిటీ హౌసింగ్ ఫీజు నెలనెలా దేవా బిల్లులో కలిసి వస్తుంది. బడ్జెట్ వేసుకునేటప్పుడు చాలామంది దీన్ని మరిచిపోతారు.

మాట తెగకపోతే దేరాలోని అద్దె వివాదాల కేంద్రానికి వెళ్లాలి. ఫీజు ఏడాది కిరాయిలో 3.5 శాతం, కనీసం 500, గరిష్ఠంగా 20,000 దిర్హాములు. 45,000 కిరాయికి 1,575 అవుతుంది. కేసు వేసేటప్పుడు అక్కడా ముందు అడిగేది ఇజారీయే.

తాళాలు తీసుకున్న రోజే గోడలు, ఏసీ, బాత్రూము ఫోటోలు తీసి యజమానికి మెయిల్ చేసి పెట్టుకోండి, డిపాజిట్ కోతల దగ్గర అవి పనికొస్తాయి. వెళ్లిపోయేటప్పుడు దేవా ఆఖరి బిల్లు కట్టి, ఇజారీ రద్దయినట్టు కాగితం తీసుకున్నాకే తాళాలు ఇవ్వండి.